యంత్ర మిచ్చినంతనే చాలునా?

మన నెల్లూరు తీరమునందలి మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలగు పల్లెలలో పెక్కు కుటుంబములకు సముద్రమే జీవనాధారము. పడవ ఒడ్డు విడిచి కొంతదూర మేగినంతనే సెల్‌ఫోను మూగవోవును. 2017వ సంవత్సరాంతమున ఓఖీ తుపాను వచ్చినపుడు కేరళ, తమిళనాడు తీరముల జాలరు లనేకులు అప్పటికే నడిసముద్రమున నుండిరి. హెచ్చరిక వారికి చేరలేదు; పెక్కురు మరలి రాలేదు.

ఆ పిమ్మట హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థవారు 2019 అక్టోబరులో 'జెమిని' యను చిన్న యంత్రమును వెలువరించిరి. అది ఉపగ్రహమునుండి వార్తను గ్రహించి చెంతనున్న సెల్‌ఫోనున కందించును. 2024 ఆగస్టు 30వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు లక్ష పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్ల నమర్చు పథకమును ప్రారంభించిరి. ఇవి మెచ్చదగిన కార్యములే. కాని యంత్రము నిచ్చి, దాని నుంచవలసిన చోటు నేర్పకుండుట, దివ్వె నిచ్చి చమురు మరచుటవంటిదని మా యభిప్రాయము.

కారణము వినుడు. ఇట్టి వార్తలను పంపు ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైని సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండును. అంతదూరము వచ్చిన తరంగము మిక్కిలి బలహీనము. ఇనుము, రేకు, తుదకు మన దేహముకూడ దాని నడ్డగింపగలవు. కావున యంత్రమును మరపడవ క్యాబినులోనో, ఐసు పెట్టె చాటుననో దాచరాదు. నెల్లూరు సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నుండుటచే ఆ యుపగ్రహములు మనకు దక్షిణపు టాకాశమున చాల యెత్తున నుండును. పైకప్పు లేనిచోట, దక్షిణదిక్కు మరుగుపడకుండ యంత్రము నుంచవలెను. మబ్బు పట్టినదని నిరాశ వలదు. ఈ తరంగములను వాన యంతగా నడ్డగింపదు.

చదువురాని జాలరి కివి యెట్లు తెలియునని కొంద రందురు. ఆ మాటను మే మంగీకరింపము. చుక్కలను జూచి రాత్రివేళ దారి తెలిసికొనువానికి, ఉపగ్రహ మేదిక్కున నున్నదో తెలిసికొనుట కష్టమా? చెప్పువారు లేకుండుటయే లోపము.

ఆ చెప్పువారు మన విద్యార్థులే కావలెను. శ్రీహరికోటనుండి రాకెట్టు లెగయునపుడు మేడలెక్కి చూచి సంతసించు బాలబాలికలు, ఆ విద్య తమ పల్లెకు నుపయోగపడునట్లు చేయవలదా? తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషేధము. అపుడు మరపడవలు ఒడ్డుననే యుండును; మనకును వేసవి సెలవులు. యంత్రము గల యింటి పిల్లలు దానిని మొదట క్యాబినులో, పిదప సరుగుడుతోపుక్రింద, తరువాత బయలు ఇసుకపై నుంచి, వార్త యెచట చక్కగ నందునో తండ్రులకు ప్రత్యక్షముగ జూపవచ్చును. బ్యాటరీని ఒడ్డుననే నింపుకొనుటయు నలవాటు చేయింపవచ్చును.

తలిదండ్రులారా, పిల్లలు చెప్పినదని తేలికగా జూడకుడు. తుపాను వార్త ఆకాశమున సిద్ధముగ నుండియు, రేకు చాటున నుంచిన యంత్రమునకు చేరక, ఒక కుటుంబము దిక్కులేనిదగుట మనమెవ్వరమును సహింపరానిది.