నల్లా మీటరు రీడింగు ఎలా తీస్తే మేలు? చేతి రాతా, రేడియోనా, నెట్‌వర్కా?

సిద్దిపేటలో నల్లా నీళ్ల మాట వస్తే ముందు అడిగేది ఎన్ని గంటలకు వదులుతారు, ఎంతసేపు వస్తాయి అనే. మీటరు సంగతి ఎవరూ ఎత్తరు. మన పట్టణాల్లో చాలాచోట్ల నల్లా బిల్లు నెలకింత అని ఒకే మొత్తం. నాలుగు బిందెలు పట్టుకున్నా, సంపు నిండా నింపుకున్నా అదే బిల్లు.

ఈ పద్ధతి ఎల్లకాలం సాగకపోవచ్చు. కేంద్రం 2021 అక్టోబరులో మొదలుపెట్టిన అమృత్ 2.0 పథకం, బిల్లు లెక్కలోకి రాకుండా పోయే నీటిని 20 శాతం లోపుకు తేవాలని పట్టణాలకు లక్ష్యం పెట్టింది. ఎంత పోతోందో తేలాలంటే ఎక్కడో ఒకచోట కొలవాల్సిందే. అందుకే మీటరు మీ గేటు దాకా రాకముందే దాని సంగతులు తెలుసుకోండి.

నీటిని లెక్కగా పంచడం ఈ జిల్లాకు కొత్త కాదు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే ప్రధాని మోదీ మిషన్ భగీరథను ప్రారంభించారు. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు అని ఆ పథకం లెక్క కట్టింది. ఊళ్లలో అందరికీ సమానంగా రావాలని నల్లాకు ఫ్లో కంట్రోల్ వాల్వు బిగించే పద్ధతి తెచ్చారు. ఆ వాల్వు ధారను అదుపు చేస్తుందే గానీ ఎన్ని లీటర్లు వచ్చాయో చెప్పదు. చెప్పేది మీటరే.

ఇక రీడింగు. అందరికీ తెలిసిన పద్ధతి మనిషి వచ్చి మూత తీసి, అంకెలు చూసి రాసుకోవడం. ఖర్చు తక్కువ. కానీ గేటుకు తాళం ఉంటే, గుంతలో నీళ్లు నిలిస్తే ఆ నెల అంచనా బిల్లు వేస్తారు. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. ఫోన్‌తో మీటరు ఫోటో తీసి బిల్లుకు జత చేస్తే చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. దీనికి మీటరు మార్చక్కర్లేదు కూడా.

రెండోది రేడియో రీడింగు, ఏఎంఆర్ అంటారు. మీటరుకు బ్యాటరీతో పనిచేసే చిన్న పరికరం ఉంటుంది. సిబ్బంది చేతి యంత్రంతో వీధిలో నడిచినా, బండిలో వెళ్లినా రీడింగులు వచ్చేస్తాయి. తాళం వేసిన ఇల్లు కూడా తప్పదు. అయితే నెలకు వచ్చేది ఒక అంకెనే.

మూడోది, అసలు స్మార్ట్ మీటరు అనదగ్గది, నెట్‌వర్కుతో నడిచేది. రోజుకు కొన్నిసార్లు తనంతట తానే రీడింగు పంపుతుంది. లోరా రకమైతే లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండు వాడుతుంది. మున్సిపాలిటీ ఓవర్‌హెడ్ ట్యాంకుల లాంటి ఎత్తయిన చోట్ల గేట్‌వేలు పెట్టుకోవాలి. ఎన్‌బీ-ఐఓటీ రకానికి టెలికాం కంపెనీ టవర్లే చాలు గానీ ఆ కంపెనీకి ఏటా కట్టాలి. దేనికైనా ఇనుప మూత, తడి గుంత సిగ్నల్‌కు అడ్డమే. బ్యాటరీ పదేళ్లు వస్తుందంటారు. ఎన్నిసార్లు పంపితే అంత త్వరగా అయిపోతుంది.

దీని అసలు లాభం లీకేజీ పట్టుకోవడం. నలుగురున్న ఇంటికి మనిషికి 135 లీటర్ల చొప్పున నెలకు సుమారు 16,200 లీటర్లు. రెండు నిమిషాలకు ఒక లీటరు కారే టాయిలెట్ ట్యాంకు నెలకు 21,600 లీటర్లు మింగుతుంది, అంటే ఇంటిల్లిపాది వాడకం కంటే ఎక్కువ! రాత్రి రెండింటికి కూడా మీటరు తిరుగుతుంటే నెట్‌వర్కు మర్నాడే చెప్పగలదు. చేతి రీడింగైతే బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పై మూడూ రీడింగు ఎలా చేరుతుందో చెప్పేవే. ఆ రీడింగు నిజమా కాదా అనేది లోపలి మీటరును బట్టి ఉంటుంది. చక్రం తిరిగే మీటరు ఖాళీ పైపులోంచి తోసుకొచ్చే గాలినీ నీళ్లుగా లెక్కేస్తుంది. గంటో రెండు గంటలో నీళ్లు వదిలే మన పట్టణాల్లో రోజూ జరిగేది ఇదే. ఇసుక పడితే చక్రం ఇరుక్కుంటుంది, సన్నటి ధార అసలు లెక్కకే రాదు. అల్ట్రాసోనిక్ మీటరులో తిరిగే భాగం ఉండదు, పైపు ఖాళీ అని చాలావరకు గుర్తుపడుతుంది, కాకపోతే ధర ఎక్కువ. ఒడిశాలోని పూరీలో 2021 జులైలో 24 గంటల నీటి సరఫరా మొదలుపెట్టారు. అలా ఎప్పుడూ నిండుగా ఉండే పైపు మీదైతే మామూలు మీటరు కూడా నమ్మకంగా పనిచేస్తుంది.

మీటరు పాడైతే నష్టం ఎవరికో హైదరాబాద్‌ను చూడండి. అక్కడ 2021 జనవరి నుంచి అమలవుతున్న నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటికి బస్తీలు కాని చోట పనిచేసే మీటరు తప్పనిసరి చేశారు. మీటరు తిరగకపోతే ఉచితం పోయినట్టే.

నా లెక్కలో సిద్దిపేట లాంటి పట్టణం నెట్‌వర్కు మీటర్లను ముందు హోటళ్లు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లకు, ట్యాంకుల అవుట్‌లెట్లకు పెట్టాలి. మీటర్లు తక్కువ, తెలిసే లెక్క ఎక్కువ. ఇళ్లకు ఫోటో రీడింగు, వీలైతే రేడియో చాలు. నీళ్లు రోజంతా రాకముందే ఇంటింటికీ ఖరీదైన మీటరు బిగిస్తే గాలికి బిల్లు కట్టినట్టవుతుంది.

మీ ఇంటికి మీటరు వస్తే మూడు అడగండి: మీటరుకు ఐఎస్ 779 గుర్తు ఉందా, బ్యాటరీ అయిపోతే డబ్బు ఎవరిది, రీడింగుపై అనుమానమొస్తే ఎక్కడ పరీక్షిస్తారు. బిగించిన రోజే అంకెలు కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. ఎర్ర అంకెలను వదిలేసి నల్ల అంకెలు చూడండి, ఒక్కో అంకె వెయ్యి లీటర్లు.