మిట్టమధ్యాహ్నం మూడు గంటలు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ ఎలాంటిదో రెంటచింతల వాసికీ, రామగుండం వాసికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావద్దని ఏటా అధికారులు హెచ్చరిస్తారు. మంచి మాటే. కానీ స్లాబు మీదికి కాంక్రీటు మోసే కూలీ, కల్లంలో మిరపకాయలు ఏరే ఆడమనిషి, తోపుడుబండి మీద పండ్లమ్మే పెద్దాయన, ఇంటింటికీ పార్సిళ్లు చేర్చే కుర్రాడు ఆ మాట ఎలా వినగలరు? ఎండంటే భయం లేక కాదు, పూట గడవక వస్తారు. 2015 వేసవిలో వడగాడ్పులు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి మించి ప్రాణాలు తీశాయి. పోయినవారిలో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడనివారు, వయసు మళ్లినవారు.

ఒంటిని చల్లబరిచేది చెమట. అది ఆరితేనే వేడి దిగుతుంది. కాకినాడ, మచిలీపట్నంలాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువై చెమట కారుతుందే గానీ త్వరగా ఆరదు. అందుకే మైదానాల్లో 40 డిగ్రీల నుంచి వడగాడ్పులను లెక్కించే వాతావరణ శాఖ, తీరప్రాంతంలో 37 నుంచే లెక్కలోకి తీసుకుంటుంది. బరువు పని చేసేవారికి ఒంట్లోనూ వేడి పుడుతుంది. తలకు తుండు చుట్టుకోవడం, మజ్జిగో అంబలో తాగడం, జేబులో ఓఆర్‌ఎస్‌ పొట్లం ఉంచుకోవడం వారి చేతిలో పని. నీడ చూపడం, పని ఆపమనడం మాత్రం పని చేయించేవారి చేతిలో ఉంది.

మేస్త్రీ తలుచుకుంటే తెల్లవారకముందే పని మొదలుపెట్టించి, ఎండెక్కేలోపు ఆపించి, మిగిలింది చల్లబడ్డాక చేయించవచ్చు. కొత్తగా చేరినవారి ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ తేలిక పని అప్పగించాలి. మనమూ పార్సిల్‌ను సాయంత్రానికి తెప్పించుకోవచ్చు.

పనిలో ఉన్న మనిషి తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా కాసేపు పడుకుంటే తగ్గిపోతుందనుకోకూడదు. వడదెబ్బ తగిలినవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు, పక్కవారే గుర్తించాలి. వెంటనే 108కి ఫోన్‌ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి విసరాలి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయరాదు.

వడదెబ్బ మరణాలకు రూ.4 లక్షల పరిహారం ఇస్తామని 2025లో తెలంగాణ ప్రకటించింది. ఆ కుటుంబాలకు అది అవసరమైన ఆసరా. అయితే ఆ పరిహారం అక్కర్లేకుండా చూసుకోవడం అంతకన్నా అవసరం. దారిన పోయేవారి దాహం తీర్చడానికి వీధి వీధినా చలివేంద్రం పెట్టే మనసు మనకుంది. మన పని చేసిపెట్టేవారికి, కూలి కోయకుండా ఆ మూడు గంటల విశ్రాంతి ఇవ్వలేమా? యజమానులు, గుత్తేదారులు ఈ వేసవి నుంచే అందుకు పూనుకోవాలి. ప్రభుత్వాలు దాన్ని నిబంధనగా మార్చి, కచ్చితంగా అమలు చేయించాలి.