నొప్పి ఉన్నవారు పరుగెత్తవచ్చునా?

'పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్లు త్రాగటం మేలు' అనే సామెత మనవారందరికీ కంఠస్థం. నడుము పట్టేసినవారికి, మోకాళ్లు పీకేవారికి ఇంటిలోని పెద్దలే కాక కొందరు వైద్యులు కూడా దీనినే ఔషధంగా ఇస్తుంటారు. మరోవైపు, నలభై దాటిన తరువాత బూట్లు కొనుక్కుని, ఏళ్ల తరబడి ఉన్న నొప్పిని పంటి బిగువున భరిస్తూ పది, ఇరవై కిలోమీటర్లు పరుగెత్తే వారిని మన పట్టణాలలో చూస్తున్నాము. ఈ రెండు వర్గాల వారూ నా వద్దకు వస్తుంటారు. ఇరువురికీ నేను చెప్పేది ఒక్కటే. పరుగు తప్పు కాదు, కొలత తప్పటమే తప్పు.

వాతరోగులు వ్యాయామం మానవలెనని అష్టాంగహృదయంలో వాగ్భటాచార్యులు నిషేధించారు కదా, నడుమునొప్పి వాతవ్యాధే కదా అని తోటి వైద్యులు నన్ను ప్రశ్నిస్తారు. సమంజసమైన ప్రశ్నే. అయితే వాతం ప్రకోపించటానికి మార్గాలు రెండని చరక సంహిత తెలుపుతున్నది. ధాతువులు క్షీణించటం మొదటిది. వాతం సంచరించే దారి మూసుకుపోవటం రెండవది. పగలంతా కుర్చీలో కూర్చుని, పొట్ట పెరిగి, మెట్లెక్కితే ఆయాసపడే నలభై అయిదేళ్ల మనిషి నొప్పిలో నాకు తరచుగా కనిపించేది ఈ రెండవదే. మేదస్సును కరిగించి, జఠరాగ్నిని పెంచి, శరీరానికి తేలికదనం కలిగించే సాధనం వ్యాయామమేనని వాగ్భటులు అదే అధ్యాయంలో చెప్పి ఉన్నారు. చిక్కి శల్యమైనవారికి, నిద్రకు దూరమైనవారికి మాత్రం నిషేధం యథాతథంగా వర్తిస్తుంది. కనుక నొప్పి పేరును బట్టి కాక, దాని మూలాన్ని బట్టి నిర్ణయించవలెను.

పరుగుతో మోకాళ్లు అరిగిపోతాయన్న భయం సంగతి చూద్దాము. 2017లో వెలువడిన ఒక పరిశోధన సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాకు పరుగెత్తేవారిలో నూటికి 3.5 మందికి, కదలకుండా కూర్చునేవారిలో 10.2 మందికి, పోటీలకు పరుగెత్తేవారిలో 13.3 మందికి కనిపించింది. ఈ లెక్క కారణాన్ని నిరూపించదు. అయినా అతి, అల్పం రెండింటినీ మన ఆచార్యులు ఏల వారించారో గుర్తుచేస్తుంది.

వ్యాయామానికి మన శాస్త్రం విధించిన కొలత అర్ధశక్తి. అనగా ఉన్న బలంలో సగం మాత్రమే వినియోగించటం. నుదుట, ముక్కుపైన, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో శ్వాస తీయవలసి వచ్చినప్పుడు సగం బలం వ్యయమైనట్లే. గురుకులంలో మూలికల కోసం కొండ ఎక్కేటప్పుడు మా గురువుగారు మా చేత శ్లోకాలు వల్లె వేయించేవారు. ఎవని వల్లె మధ్యలో తెగితే వానిని అక్కడే కూర్చోబెట్టేవారు. మాట తెగని వేగమే మీ వేగమని నా వద్దకు వచ్చేవారికి నేటికీ చెబుతున్నాను.

ఎనిమిదేళ్లుగా కటిశూలతో బాధపడుతున్న ఒక ఉద్యోగి నలభై ఏడవ ఏట నా సలహా కోరారు. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు చొప్పున అరగంట, అదీ దినం విడిచి దినం ప్రారంభింపజేశాను. పది కిలోమీటర్లకు చేరటానికి ఆయనకు ఏడాది పైగా పట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు. "అది ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో ఇప్పుడు నాకు తెలుసునండీ" అన్నారాయన. దీర్ఘవ్యాధితో జీవించేవారికి ఇది చిన్న లాభం కాదు.

కదలిన కొద్దీ సడలి, మరునాటి ఉదయానికి తగ్గిపోయే నొప్పితో పరుగు సాగించవచ్చును. పరుగెత్తిన కొద్దీ హెచ్చేది, కుంటించేది, రాత్రి నిద్ర లేపేది, కాలికి తిమ్మిరి తెచ్చేది అయితే ఆపి వైద్యుని చూడవలెను. ఉదయం గంటసేపు కీళ్లు బిగుసుకుని, వాచి, వేడిగా ఉంటే ఆమవాతాన్ని శంకించవలెను. ఆ దశలో పరుగే కాదు, తైలమర్దనం కూడా తగదు. ఇసుక కాపడం, తేలికైన ఆహారం మేలు. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా పరీక్ష చేయించుకొనవలెను.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది పరుగుకు ముందు నొప్పిమాత్ర మింగే అలవాటు. చెమటతో నీరు తగ్గిన శరీరంలో ఆ మాత్రలు మూత్రపిండాలకు ముప్పు తేగలవు. పైగా, ఆగమని చెప్పే నోటినే అవి నొక్కివేస్తాయి. తైలం పట్టించి శక్తికి మించి పరుగెత్తటమూ ఆ కోవలోనిదే. ఔషధం శరీరాన్ని బాగుచేయటానికే గాని మోసగించటానికి కాదు.

ఋతువును కూడా గమనించవలెను. గ్రీష్మంలో సంచయమైన వాతం వర్షఋతువులో ప్రకోపిస్తుంది. ఆ కాలంలో బలం తక్కువ. హైదరాబాదు మారథాన్ ఆగస్టులో, అనగా సరిగ్గా వర్షఋతువులో జరుగుతుంది. దానికి సాధన మండువేసవిలో సాగుతుంది. నొప్పులున్నవారికి ఇది అనుకూల కాలం కాదని నా నిశ్చితాభిప్రాయం. హేమంత, శిశిర, వసంత ఋతువులు వ్యాయామానికి ప్రశస్తం. పోటీలో పాల్గొనాలన్న కోరిక ఉంటే జనవరిలో జరిగే ముంబయి మారథాన్ వంటివి మేలు. అక్కడ కూడా పూర్తి దూరమైన 42.195 కిలోమీటర్లకు ఆశపడక, తక్కువ దూరాన్ని ఎంచుకొనండి.

సామెతను కాదనను. నిలబడి త్రాగే నీళ్లు మంచివే. కాని కూర్చున్న చోటనుండి లేవనివారికి ఆ నీళ్లు కూడా అరగవు. లేవండి, నడవండి, మాట తెగనంత వేగంతో పరుగెత్తండి. మిగిలిన సగం బలాన్ని రేపటికి దాచుకొనండి.