మూడు నిమిషాల ప్రశ్న, రెండు పద్దులు

ఐర్లండ్ పార్లమెంటు దిగువ సభను డాల్ అంటారు, ప్రధానమంత్రిని టీషక్ అంటారు. డబ్లిన్‌లోని లెన్‌స్టర్ హౌస్‌లో సభ నడిచే వారాల్లో మంగళ, బుధవారాలు టీషక్‌కు, గురువారం ఉపప్రధానికి ‘నాయకుల ప్రశ్నలు’ ఉంటాయి. ప్రశ్న ముందుగా రాసిచ్చే పని లేదు. ప్రతిపక్ష నేత మూడు నిమిషాలు మాట్లాడతారు, జవాబుకు మూడు నిమిషాలు. అనుబంధ ప్రశ్నకు ఒక నిమిషం, దాని జవాబుకు ఇంకో నిమిషం. అంతటితో ఆ నేత వంతు అయిపోతుంది. పదేళ్లుగా ఈ కాస్త వ్యవధిలో పదే పదే వినిపిస్తున్న నిలదీత ఒకటుంది: కంపెనీల పన్నుతో ఖజానా పొంగుతున్న దేశంలో జనానికి ఇల్లెందుకు దొరకడం లేదు?

ఈ ప్రశ్నలో మొదటి సగం పన్ను. ఎగుమతి లాభాలపై 1956లో ఇచ్చిన రాయితీతో ఈ విధానం మొదలైంది. 1980లలో తయారీ రంగానికి 10 శాతం రేటు వచ్చింది, 2003 నుంచి వ్యాపార లాభాలపై రేటు 12.5 శాతంగా స్థిరపడింది. అమెరికా మందుల కంపెనీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఐర్లండ్‌లో దిగడానికి ఇంగ్లీషు భాష, ఐరోపా మార్కెట్టు ప్రవేశంతో పాటు ఈ రేటు కూడా పెద్ద కారణం. 2024 నుంచి 75 కోట్ల యూరోలకు మించి టర్నోవరున్న గ్రూపులకు కనీస రేటు 15 శాతం అయింది. 2014లో సుమారు 460 కోట్ల యూరోలున్న కార్పొరేట్ పన్ను రాబడి 2023 నాటికి దాదాపు 2,400 కోట్లకు ఎగబాకింది. అందులో సగానికి పైగా కట్టేది పది కంపెనీలే.

ఈ కథలో అందరికీ గుర్తుండిపోయిన పేరు ఆపిల్. 1980 నుంచి ఆ కంపెనీకి కార్క్ నగరంలో స్థావరం ఉంది. ఐర్లండ్ పన్ను శాఖ 1991లో ఒకసారి, 2007లో మరోసారి ఇచ్చిన ఉత్తర్వుల వల్ల దాని ఐరోపా లాభాల్లో అధిక భాగం ఏ దేశపు పన్నుకూ చిక్కని ‘ప్రధాన కార్యాలయం’ పద్దులోకి వెళ్లిపోయేది. 2014లో ఆ లాభాలపై పడిన పన్ను 0.005 శాతమని 2016 ఆగస్టు 30న ఐరోపా కమిషన్ తేల్చింది. అంటే పది లక్షల యూరోల లాభానికి కట్టింది యాభై యూరోలు. 1,300 కోట్ల యూరోల వరకు బకాయి వడ్డీతో సహా వసూలు చేయాలని ఆదేశించింది.

ఆ సొమ్ము మాకొద్దని ఐర్లండ్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. అప్పీలుకు వెళ్లాలన్న తీర్మానం 2016 సెప్టెంబరు 7న డాల్‌లో 93–36 ఓట్లతో నెగ్గింది. షిన్ ఫేన్, పీపుల్ బిఫోర్ ప్రాఫిట్ వంటి పార్టీలు వ్యతిరేకించాయి. ఇళ్లకు, ఆసుపత్రులకు అక్కరకొచ్చే డబ్బును సర్కారే కాలదన్నుకుంటోందన్నది వారి ఆరోపణ. పన్ను విషయంలో మాట తప్పని దేశమన్న పేరు పోతే పెట్టుబడులు పోతాయన్నది ప్రభుత్వ వాదన. 2020లో ఐరోపా సమాఖ్య కింది కోర్టు ఐర్లండ్, ఆపిల్‌ల వైపు తీర్పిచ్చింది. 2024 సెప్టెంబరు 10న ఐరోపా న్యాయస్థానం దాన్ని తిరగ్గొట్టి కమిషన్ మాటే ఖాయం చేసింది. వివాదం తేలేదాకా ఎస్క్రో ఖాతాలో ఆపి ఉంచిన దాదాపు 1,400 కోట్ల యూరోలు, ఎనిమిదేళ్లు వద్దన్న ఖజానాకే వచ్చి చేరాయి.

రెండో సగం ఇల్లు. 2006లో ఐర్లండ్‌లో దాదాపు 90 వేల ఇళ్లు పూర్తయ్యాయి. 2008లో బ్యాంకులు కూలాయి, 2010 చివరలో దేశం అంతర్జాతీయ సాయానికి చేయి చాచింది. 2013 నాటికి ఏడాదికి కట్టిన ఇళ్లు ఐదు వేలకు లోపే. స్థానిక కౌన్సిళ్లు పేదలకు ఇళ్లు కట్టడం దాదాపు మానేసి, ప్రైవేటు అద్దెలకు సాయం చెల్లించే పద్ధతికి మళ్లాయి. పరిశ్రమ చెల్లాచెదురై మేస్త్రీలు, వడ్రంగులు వలసపోయారు. తర్వాత ఉద్యోగాలు తిరిగొచ్చినా ఇళ్లు ఆ వేగంతో రాలేదు. 2022 జనాభా లెక్కల నాటికే 2,12,500 నుంచి 2,56,000 ఇళ్ల కొరత ఉందని 2024 మేలో హౌసింగ్ కమిషన్ నివేదిక చెప్పింది. అప్పటికి జనాభా యాభై నాలుగు లక్షలు కూడా దాటని దేశంలో ఇది చిన్న లోటు కాదు. 2025లో అత్యవసర వసతుల్లో తలదాచుకుంటున్నవారు 16 వేలు దాటారు. వారిలో ఐదు వేల మందికి పైగా పిల్లలు.

పన్ను కట్టే కంపెనీయే ఇళ్లకు గిరాకీ కూడా పెంచుతుంది. చదువుకు డబ్లిన్ చేరిన తెలుగు విద్యార్థికైనా, ఐటీ కొలువుకు వెళ్లిన తెలుగు ఉద్యోగికైనా తొలి వారాలు అద్దె గది వేటకే సరిపోతాయి. అదే గది కోసం స్థానిక నర్సు, బస్సు డ్రైవరు, టీచరు కూడా తిరుగుతుంటారు. జీతాల్లో తేడా ఎంతైనా వెతుకులాట ఒకటే.

పన్ను రాబడిని, ఇళ్లను ప్రభుత్వం వేర్వేరు పద్దులుగా చూపిస్తుంది. మొదటి పద్దుపై దాని మాట: పది కంపెనీల లాభం మీద నిలిచిన రాబడి ఎప్పుడైనా పడిపోవచ్చు. ఏటా వచ్చే జీతాల ఖర్చును దాని మీద మోపితే 2008 మళ్లీ ఎదురవుతుంది. ఐర్లండ్ ఆర్థిక సలహా మండలి హెచ్చరిక కూడా ఇదే. అందుకే 2024లో భవిష్యత్తు కోసం ఒకటి, మౌలిక సదుపాయాలు–పర్యావరణం కోసం మరొకటి, రెండు నిధులు ఏర్పరచారు. రెండో పద్దుపై దాని మాట: ఇళ్లకు అడ్డం పడుతున్నది డబ్బు కొరత ఒక్కటే కాదు. నీటి పైపులు, మురుగు శుద్ధి, కరెంటు లైన్లు, అనుమతులు, పనివాళ్లు, అన్నీ కావాలి. చెరువు నిండింది గానీ కాలువలు తవ్వి లేవన్నమాట. ఈ జవాబులో నిజముంది. అయితే పదిహేనేళ్లుగా కాలువలు తవ్వే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. దశాబ్దాలుగా పెద్ద పార్టీలైన ఫియానా ఫాయిల్, ఫినె గేల్‌లలో ఒకటో రెండో లేని ప్రభుత్వం 1932 నుంచి ఐర్లండ్‌కు లేదు.

అసలు ఈ రెండు పద్దులు వేర్వేరు కావు. పన్ను చట్టమే ఇళ్ల మార్కెట్టును మలిచిన చోట్లున్నాయి. 2013లో అప్పటి ఆర్థికమంత్రి మైఖేల్ నూనన్ స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులకు తలుపు తెరిచారు. అద్దె లాభంపై ఆ ట్రస్టు కార్పొరేట్ పన్ను కట్టనక్కర్లేదు. ఆదాయంలో 85 శాతం వాటాదారులకు పంచితే చాలు, పన్ను ఆ డివిడెండు మీద పడుతుంది. 1997 నాటి పన్ను చట్టంలోని 110వ సెక్షన్ కథ ఇంకా విడ్డూరం. మొండిబకాయి గృహరుణాలను చౌకగా కొన్న విదేశీ ఫండ్లు ఈ సెక్షన్ కింద డబ్లిన్‌లో ఒక కంపెనీ పెట్టేవి. మాతృసంస్థ దానికి అప్పిచ్చేది. ఆ అప్పుకు వడ్డీ, కంపెనీ లాభం ఎంతైతే అంత. వడ్డీ తీసేశాక లాభం సున్నా, పన్నూ దాదాపు సున్నా. వీటిని జనం రాబందు ఫండ్లన్నారు.

2016 వేసవిలో ప్రతిపక్ష సభ్యుడు స్టీఫెన్ డాన్లీ ఈ సెక్షన్‌ను పట్టుకుని సభలోనూ బయటా ప్రశ్నించారు. సెప్టెంబరులోనే నూనన్ సవరణ ముసాయిదా బయటపెట్టారు, ఆ ఏటి ఆర్థిక చట్టంలో అది చేరింది. (డాన్లీ ఆ తర్వాత ఫియానా ఫాయిల్‌లో చేరి 2020లో మంత్రి అయ్యారు.)

2021 మేలో వంతు కిల్డేర్ కౌంటీలోని మేనూత్ పట్టణానిది. అక్కడ కొత్తగా కట్టిన ఒక కాలనీలో 170 ఇళ్లుంటే 135 ఇళ్లను ఒకే పెట్టుబడి ఫండు గుత్తగా కొనేసింది. బ్యాంకు రుణం మంజూరై, తమ వంతు కోసం కాచుక్కూర్చున్న యువ దంపతులకు మిగిలింది నిరాశే. ఇలాంటి వాటిని అక్కడివాళ్లు కోకిల ఫండ్లంటారు. కాకి గూట్లో కోకిల గుడ్డు సంగతి తెలిసినవారికి ఆ పేరు విడమర్చి చెప్పనక్కర్లేదు. షిన్ ఫేన్ నేత మేరీ లూ మెక్‌డొనాల్డ్, ఆ పార్టీ గృహవ్యవహారాల ప్రతినిధి ఓవెన్ ఓ బ్రిన్ దీన్ని సభలో లేవనెత్తారు. ఆ నెలలోనే ఏడాదిలో పది లేదా అంతకు మించి ఇళ్లు కొనేవారిపై 10 శాతం స్టాంపు డ్యూటీ వచ్చింది. 2024 అక్టోబరు బడ్జెట్టులో అది 15 శాతమైంది. ఫ్లాట్లను మాత్రం దీన్నుంచి మినహాయించారు. ఫండ్లు కొనకపోతే వాటిని కట్టేవారే ఉండరన్నది సర్కారు వాదన. డబ్లిన్‌లో కావలసింది ఫ్లాట్లే గనుక అసలు కంత అక్కడే మిగిలిందన్నది ప్రతిపక్షం మాట.

ప్రతిపక్షం కూడా ఒకే గొంతుతో మాట్లాడదు. రిచర్డ్ బాయిడ్ బారెట్ వంటి వామపక్ష సభ్యులు కంపెనీలు నిజంగా కట్టే పన్ను పెంచాలంటారు. షిన్ ఫేన్ ఆపిల్ బకాయి వసూలు చేయాలంది గానీ 12.5 శాతం రేటు జోలికి పోలేదు. ప్రభుత్వానికి రావాలనుకునే పార్టీ కంపెనీలను బెదరగొట్టదల్చుకోలేదు. దాంతో ఆ పార్టీ ప్రశ్న పన్ను ఎంత రావాలన్న దగ్గర మెత్తబడి, వచ్చింది ఎక్కడ ఖర్చు పెట్టాలన్న దగ్గరే పదునెక్కుతుంది.

ఈ పదేళ్ల రికార్డు చూస్తే ఒక సంగతి తేలుతుంది. ‘ఇంత డబ్బుండి ఇళ్లేవీ?’ అని అడిగినప్పుడల్లా జవాబుగా వచ్చింది ఉపన్యాసం. సెక్షన్ నంబరుతో, కాలనీ పేరుతో అడిగినప్పుడు వారాల్లోనో నెలల్లోనో చట్టం మారింది. అంకెకు కూడా అంతే బలముంది. 2024 నవంబరు ఎన్నికల ముందు ఆ ఏడు దాదాపు 40 వేల ఇళ్లు పూర్తవుతాయని పాలకులు చెబుతూ వచ్చారు. 2025 జనవరిలో గణాంక శాఖ లెక్క 30,330 అని తేల్చింది. అప్పట్నుంచి సభలో ఏ గృహ లక్ష్యం వినిపించినా ఆ అంకె దాన్ని వెన్నాడుతోంది.

ఆపిల్ సొమ్మును నీరు, విద్యుత్తు, రవాణా, గృహనిర్మాణాలకు వాడతామని 2024 అక్టోబరు బడ్జెట్టులో ప్రభుత్వం చెప్పింది. 2030 నాటికి మూడు లక్షల ఇళ్లు అన్నది 2025 జనవరిలో వచ్చిన సర్కారు లక్ష్యం. ఏ ఊరి మురుగు శుద్ధి కేంద్రానికి ఎన్ని యూరోలు, ఆ పని ఏ ఏడాదికి పూర్తవుతుంది, దాని మీద ఏ కౌన్సిలు ఎన్ని ఇళ్లకు అనుమతి ఇస్తుంది? ఈ మూడు అడగడానికి మూడు నిమిషాలు సరిపోతాయి.