స్వదేశీయత యెచ్చట నున్నది?

అంబాసిడరు కారు స్వదేశీయమనియు, మారుతి 800 పరదేశీయమనియు వాదించువారు నేటికిని గలరు. ఇది వట్టి భ్రమ! ఉత్తరపారాలో తయారైన అంబాసిడరునకు మూలము ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కాదా? 1983 సం॥న గుర్గాఁవున వెలువడిన మారుతికి జపాను సుజుకీ గురువు. బీజము రెండింటికిని పరాయిదే.

మఱి భేదమేమి? విశాలతయందును, గతుకుల బాటల నోర్చుటయందును అంబాసిడరే మిన్న యని యొప్పుకొందము. కాని పోటీ యెఱుఁగని రక్షణలో నది యర్ధశతాబ్దికిఁ బైగా దాదాపు పాత రూపుననే నిలిచిపోయినది. మారుతి యన్ననో, విడిభాగములను గ్రమముగా నిచ్చటనే చేయించి, మన పనివారికిఁ గ్రొత్త విద్య గఱపినది. 2014 సం॥న రెండింటి నిర్మాణమును ముగిసెను: ఒకటి వారసులు లేక, రెండవది వారసులను నిలిపి.

స్వదేశీయత పేరున లేదు. నేర్చి మించు పట్టుదలయందే యున్నది.