వ్రేళ్ల మొదళ్లను నొక్కి చూచు వైద్యుడు

తెల్లవారి లేచినంతనే వ్రేళ్లు ముడువలేక, చెంబు పట్టలేక, గంటసేపు వేన్నీళ్లలో చేతులుంచి కూర్చుండెడి ముప్పదియైదేండ్ల గృహిణి మొట్టమొదట పోవునది వాతరోగ నిపుణుని యొద్దకు గాదు. వీధిమొగను ఆసుపత్రి పెట్టుకొన్న ఫ్యామిలీ డాక్టరు నొద్దకే. ఆయన ఆ వ్రేళ్ల మొదళ్లను మెల్లగా నొక్కి చూచి, ఉదయపు బిగువు ఎంతసేపుండునో యడిగినచో, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అను అనుమానము అచ్చటనే పొడసూపును. ఆ రెండు పనులును చేయక నొప్పి మాత్రయో స్టెరాయిడ్ సూదియో యిచ్చి పంపినచో, నొప్పి యణగును గాని కీలు చెడుట యాగదు. తొలి కొద్ది మాసములలో తగిన మందు మొదలుపెట్టిన వారికిని, రెండు మూడేండ్లు ఆసుపత్రుల చుట్టు తిరిగిన పిమ్మట మొదలుపెట్టిన వారికిని గల భేదము వంకరపోయిన వ్రేళ్ల రూపమున జీవితాంతము కన్పట్టుచుండును.

వాతరోగ నిపుణులు మనకు బహు కొద్దిమంది; వారును ప్రధానముగా పెద్ద నగరములందే యున్నారు. కావున ఈ విద్య కుటుంబవైద్యునకు అబ్బవలెను. భారత వైద్యమండలి 2002 నాటి నియమావళి వైద్యులు అయిదేండ్లకు 30 గంటలు నిరంతర విద్యలో పాల్గొనవలెనని చెప్పినది. ఆ గంటలలో అనేకము పెద్ద హాలులో, తెరపై వరుసగా సాగు చిత్రముల యెదుట గడచును. వక్తల పాండిత్యమును నేను శంకింపను. కాని వినుట వేరు, మరునాటి ఉదయము ఓ.పి.లో ఎదుట కూర్చున్న రోగి విషయమున నిర్ణయించుట వేరు.

కెనడా దేశమున మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు వైద్యులు 1992లో వేరొక త్రోవ త్రొక్కిరి. ఒక ప్రాంతపు కుటుంబవైద్యులు పదిమందికి మించకుండ నెలకొకమారు గంటన్నర సేపు కూడుదురు. ఒక రోగి వృత్తాంతమును నడుమ నుంచుకొందురు. తమలో తర్ఫీదు పొందిన యొకరే చర్చ నడుపుదురు. స్కాట్లాండు వైద్యులును దీనిని స్వీకరించిరి.

ఇందలి మేలు నాకు మెతోట్రెక్సేట్ అను మందు విషయమున మిక్కిలి స్పష్టముగా తోచును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో జరిగిన పరిశోధనల ఫలమది. దానికి తోడుగా నిచ్చు ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన ఘనతయు ఆ బృందముదే. నేటికిని రుమటాయిడ్ వ్యాధికి మొదట నిచ్చు మందు సాధారణముగా ఇదియే. అయితే వారమునకు ఒక్కమారు మాత్రమే మ్రింగవలసిన దీనిని పొరపాటున ప్రతిదినము మ్రింగి, నోరు పూచి, రక్తకణములు క్షీణించి ప్రాణములు గోల్పోయినవారు కలరు. మందుచీటిపై ‘ఆదివారము మాత్రమే’ యని రెండు మాటలు తెలుగున వ్రాసిన తప్పిపోవు ప్రమాదమిది! ఇట్టి పొరపాటు తన చీటివలన జరిగెనని మూడువందలమంది సభలో ఏ వైద్యుడును లేచి చెప్పజాలడు. ఎదుట కూర్చున్న యేడుగురు మిత్రులతో చెప్పగలడు. చెప్పిన నాడు ఆ యెనమండుగురును చీటి వ్రాయు తీరు మార్చుకొందురు.

పెద్దవారి మోకాలి నొప్పికి ఎ.ఎస్.ఒ. అను రక్తపరీక్ష చేయించి, అంకె పెరిగినదని యేండ్ల తరబడి పెన్సిలిన్ సూదులు వేయుట, ఆరోగ్యవంతులలో సైతము కొందరికి పాజిటివ్ వచ్చు ఆర్.ఎ. ఫ్యాక్టరును చూచి వ్యాధి నిర్ధారించుట, చికున్‌గున్యా తరువాత మాసములపాటు నిలిచిన కీళ్లవాపును రుమటాయిడ్‌గా భ్రమించుట మొదలగునవియు ఇట్టి చర్చలోనే తొలగును.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యమండలులు ఈ చిన్న సమావేశములను ఆ 30 గంటలలో లెక్కింపవలెను. వాతరోగ నిపుణులు మూడు నెలలకొకమారైన వీనికి వచ్చి కూర్చుండవలెను. మండలుల ఉత్తర్వు వచ్చువరకు ఆగనక్కరలేదు. పట్టణపు వైద్యులారా, మీ వీధిలోని అయిదుగురిని వచ్చు నెల ఒక సాయంకాలము పిలువుడు. ఈ వారము మిమ్ము తికమకపెట్టిన రోగి వృత్తాంతముతో మొదలిడుడు.