మందును ఆపే ముక్కే ఫేజ్‌నూ ఆపుతోంది

ఏటా నవంబరు 18 నుంచి 24 దాకా యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిముల గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటుంది. ఆ చర్చల్లో ఈమధ్య ‘ఫేజ్’ పేరు గట్టిగా వినిపిస్తోంది. బ్యాక్టీరియాను చంపే వైరస్‌లివి. మందులు చేతులెత్తేసినచోట ఇవి ఆదుకుంటాయన్నది ఆశ. కొత్త ఆశేమీ కాదు. 1917లో వీటికి పేరు పెట్టిన ఫెలిక్స్ ద’హెరెల్, ఆ తర్వాత పదేళ్లకు మన దేశానికే వచ్చి కలరా రోగులకు ఫేజ్‌లు ఇచ్చి చూశాడు. యాంటీబయాటిక్‌లు అందుబాటులోకి వచ్చాక చాలా దేశాలు ఆ దారి వదిలేశాయి.

మనం వదిలేసినా, ఫేజ్‌లు బ్యాక్టీరియాను వదల్లేదు. బంగ్లాదేశ్‌లో కలరా రోగుల విరేచనాల నమూనాలను ఏళ్ల తరబడి పరీక్షించినవారికి ఆ పోరు కళ్లకు కట్టింది. అక్కడి కలరా క్రిమిని ఐసీపీ1 అనే ఫేజ్ వెంటాడుతుంటుంది. దాన్ని అడ్డుకోవడానికి క్రిమి తన జన్యుపదార్థంలో ఒక డీఎన్‌ఏ ముక్కను పెట్టుకుంది. ఫేజ్ ఊరుకోలేదు. వైరస్‌లను నరకడానికి బ్యాక్టీరియా వాడే క్రిస్పర్ ఆయుధాన్నే తాను చేజిక్కించుకుని, దానితో ఆ ముక్కను నరికేస్తోందని 2013లో బయటపడింది. తాడిని తన్నేవాడి తలదన్నేవాడంటే ఇదే!

అంతకంటే ఆలోచించాల్సిన సంగతి 2021లో తేలింది. కలరా క్రిముల మధ్య చేతులు మారే ఎస్‌ఎక్స్‌టీ అనే మరో డీఎన్‌ఏ ముక్క ఉంది. మందులకు లొంగని గుణాన్ని మోసుకొచ్చేది అదేనని ముందే తెలుసు. ఫేజ్‌లను ఆపే జన్యువులూ అందులోనే ఉన్నాయట. అంటే మందుల వాడకం తగ్గినంత మాత్రాన క్రిమి ఆ ముక్కను వదులుకుంటుందన్న భరోసా లేదు. ఫేజ్ భయం ఉన్నన్నాళ్లూ అది దానికి అక్కరకొచ్చేదే. అదే ఏడాది అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలోనూ ఇలాంటిదే కనిపించింది: మిగతా జన్యువుల్లో దాదాపు ఒకేలా ఉన్న సముద్రపు విబ్రియోలు (కలరా క్రిమికి చుట్టాలైన బ్యాక్టీరియా), ఫేజ్ రక్షణల దగ్గరకొచ్చేసరికి దేనికదే వేరు.

కాబట్టి ఫేజ్‌ను మాత్రలా ఒకసారి ఆమోదించి ఏళ్లపాటు అదే వాడతామంటే కుదరదు. 1923 నుంచి ఈ పనిలో ఉన్న జార్జియా దేశంలోని ఎలియావా సంస్థ తన ఫేజ్ మిశ్రమాలను ఎప్పటికప్పుడు మార్చుకుంటూ వస్తోంది. మన ఔషధ నియంత్రణ నిబంధనలు కూడా అందుకు వీలివ్వాలి. ఏ క్రిమికి ఏ మందు పనిచేయడం లేదో నమోదు చేసే ప్రయోగశాలలు, ఆ క్రిమి ఏ ఫేజ్ రక్షణలను మోస్తోందో కూడా ఇప్పటినుంచే రాసిపెట్టాలి.